సీసాలో పేగుతోక

పెట్రోలు దొరకని రోజుల్లో నేను తిరుపతి-చిత్తూరు మధ్య బొగ్గు బస్సు నడిపేవాణ్ణి. బస్సు వెనక నిలువెత్తు ఇనపడబ్బా, దాని నిండా కాలే బొగ్గు, ఆ పొగే ఇంజనుకి పెట్రోలు. పొద్దున్నే అరగంట సేపు పంఖా తిప్పితే గాని ఇంజను దగ్గేది కాదు. ఎత్తు వచ్చిందంటే జనం దిగి తొయ్యాలి. ఆ బస్సుకి లేని రోగం లేదు. డ్రైవరుకి ఉండేది ఒక్కటే, కాని బస్సుని ఎక్కువసార్లు ఆపింది అదే.

నాకు రక్తవిరేచనాలు, అప్పటికి మూడేళ్లుగా. కడుపులో మెలిపెట్టిందంటే చెట్టుందా, చాటుందా అని చూసుకునే వ్యవధి ఉండేది కాదు. అందుకని నా సీటు పక్కన కొక్కేనికి ఒక ఇత్తడి చెంబు ఎప్పుడూ వేలాడుతుండేది. బ్రేకు వేసి నేను చెంబు అందుకున్నానంటే బస్సులో నవ్వులు మొదలయ్యేవి. పూతలపట్టు దగ్గర రోడ్డు పక్కన నాలుగైదు చింతచెట్లు గుంపుగా ఉండేవి. అక్కడ ఊరూ లేదు, స్టేజీ లేదు. అయినా పాసింజర్లు మా కండక్టరు గోవిందుని "చెంగయ్య స్టేజీకి ఒక టిక్కెట్టియ్యప్పా" అని నా పేరు కలిపి ఆటపట్టించేవాళ్లు. నేనూ వాళ్లతో పాటే నవ్వేవాణ్ణి. చెట్టు చాటున కూర్చుని ఎర్రగా పడింది చూసుకున్నప్పుడు మాత్రం నవ్వు వచ్చేది కాదు. అప్పుడు ఈ లోకంలో నేనొక్కణ్ణే ఉన్నట్టుండేది. రోడ్డు మీద ముప్పైమంది నా కోసం కాచుకుని ఉన్నా సరే.

సాయంత్రం కొర్లగుంటలో మా ఇంటికి చేరేసరికి నా భార్య దేవకి గుమ్మం పక్కన నీళ్లబిందెతో నిలబడి ఉండేది. నేను కాళ్లు కడుక్కుంటుంటే, లోపలున్న మా అమ్మకి వినబడకుండా గొంతు తగ్గించి అడిగేది.

"ఈ పొద్దు ఎన్ని?"

"ఏడు."

"రగతం?"

"నాలుగింటికి పడింది."

అంతే. నాలుగైదు అయితే అన్నంలోకి పప్పు. ఏడెనిమిది అయితే అన్నం మెత్తగా పిసికి మజ్జిగ. పది దాటితే గంజి. అయ్యో పాపం అని ఒక్కనాడూ అనలేదు, మొహం చిట్లించనూ లేదు. నేను తిన్న కంచంలోనే తర్వాత తను తినేది. ఆ జబ్బు మాట మా ఇద్దరి మధ్యా అంత మామూలైపోయింది. నేను చంద్రగిరిలో బస్సు ఆగినప్పుడల్లా మూర కనకాంబరాలు కొనేవాణ్ణి. అది మా అమ్మకి కంట్లో నలుసు.

నలభై ఐదో సంవత్సరం ఎండాకాలం. ఒకరోజు పొద్దున తిరుపతి నుంచి బస్సు తోలుకొస్తుంటే పొత్తికడుపు కుడిపక్క నొప్పి ఎత్తింది. ఇది నాకు తెలిసిన నొప్పి కాదు. ఒకచోటే గుచ్చి పట్టుకుంది. చెంగయ్య స్టేజీ దగ్గర గోవిందు తనే గంట కొట్టాడు, ఆపుతానేమో అని. నేను ఆపలేదు. దిగితే మళ్లీ ఎక్కలేనని అర్థమైంది. స్టీరింగు మీద వాలిపోయి, పళ్లు బిగించి, పాసింజర్లతో సహా బస్సుని చిత్తూరులో మిషనాసుపత్రి గేటులోకి తోలేశాను. ఆ రోజు ఎవ్వరూ నవ్వలేదు. ఒక ముసలాయన నన్ను దించుతూ తన పైగుడ్డ నా తల కింద పెట్టాడట, అది తిరిగి తీసుకోలేదని గోవిందు తర్వాత చెప్పాడు.

మధ్యాహ్నానికి ముక్కు మీద మత్తుగుడ్డ పెట్టి కడుపు కోశారు. మా అమ్మ నాగులమ్మ, దేవకి సాయంత్రం బస్సుకి వచ్చి వరండాలో మకాం పెట్టారు.

ఐదో రోజు పొద్దున డాక్టరు దేవసహాయం గారు నా మంచం దగ్గరికి ఒక గాజుసీసా తెచ్చారు. ఆయనది ఆరణి వైపు, తెలుగులో అరవ కలిసేది. నేను దిండుకి ఆనుకుని కూర్చుని గంజి తాగుతున్నాను. దేవకి గ్లాసు పట్టుకుని ఉంది. మా అమ్మ బావి దగ్గర బట్టలు ఉతుకుతోంది. ఈ సంగతులు ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పూట నేను మత్తులో లేను. పూర్తి తెలివిలో ఉన్నాను.

సీసాలో నీళ్లలాంటి ద్రావకం. అందులో చిన్న వంకాయంత ఉబ్బిన ముక్క ఒకటి, పొడుగునా చీల్చి ఉంది. చీలికలోంచి ఉడికించిన సగ్గుబియ్యం మాదిరి జిగురు పొంగి గడ్డకట్టి ఉంది.

"పెద్దపేగు మొదట్లో అందరికీ చిన్న తోక ఉంటాదప్పా, వానపాము మాదిరి" అన్నారు డాక్టరుగారు. "నీకు దాని నోరు మూసుకొని పోయినాది. లోపల ఊరే జిగురు బయటికి రాలేక దాంట్లోనే నిండిపోయినాది. అది పగిలుంటే కడుపంతా పాకేసుండును. పగలకుండా తీసినాము. నీ అదృష్టం."

"ఇట్లాంటివి శానా వస్తాయా సార్?"

"ఇరవై ఏండ్లలో నేను సూడడం ఇదే మొదలు. పేగుల్లో పుండ్లుండే వాళ్లల్లో యాడో ఒకరికి ఇట్లా అవుతాదని పుస్తకంలో సదివినాను, అంతే. నర్సు చదివే పిల్లలకి పాఠం చెప్పేదానికి దీన్ని పెట్టుకుంటాను."

ఇరవై ఏళ్లలో ఇదే మొదలు! నేను పెళ్లికొడుకులా పొంగిపోయాను. మూడేళ్లుగా నన్ను చూసి నవ్విన వాళ్లందరికీ ఈ మాట చెప్పాలనుకున్నాను.

"అయితే ఇంక నా జబ్బు పోయినట్టే కదా సార్?"

"లేదు చెంగయ్యా. ఇది వేరే, నీ పుండ్లు వేరే. అవి పెద్దపేగులో అట్నే ఉండాయి. కొన్నాళ్లు తగ్గినట్టుంటాది, మళ్లీ వస్తాది. వచ్చినప్పుడు ఈడికే రా." తర్వాత దేవకి వైపు తిరిగారు. "నువ్వూ విన్నావు కదమ్మా?"

దేవకి తల ఊపింది. నేను గంజి తాగాను.

ఆ సాయంత్రం మా అమ్మ సీసా చూస్తానని పట్టుబట్టి డాక్టరుగారి గదికి పోయింది. తిరిగి వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడింది.

"ఒరే చెంగా, అది ఒంట్లో పుట్టింది కాదురా. ఎవురో పెట్టింది."

మా వైపు పెట్టుమందు అంటే తెలియని వాళ్లుండరు. మొగుణ్ణి కొంగున ముడేసుకోవాలని ఆడది అన్నంలో ఏదో కలిపి పెడుతుందనీ, అది పేగుకి అతుక్కుని పెరుగుతుందనీ, మనిషిని లోపల్నించి తినేస్తుందనీ చెబుతారు. దాన్ని కక్కించే వాళ్లు కూడా ఉంటారు. బంకబంకగా ఉన్న ముద్ద ఒకటి తీసి చూపించి, చూడండి ఇదే అంటారు. మా అమ్మ పుట్టినప్పటినుంచీ ఆ ముద్దని గురించి వింటూనే ఉంది. ఇప్పుడు కొడుకు కడుపులోంచి తీసింది గాజుసీసాలో కళ్లారా చూసింది. ఇంక ఆమెకి ఎవరు చెప్పగలరు? పెళ్లయిన ఆరో నెలలో జబ్బు మొదలైంది. అన్నం పెట్టే చెయ్యి దేవకిది. కనకాంబరాలు కొనే చెయ్యి నాది. మా అమ్మకి అంతా సరిపోయింది.

మేము ఇల్లు చేరేసరికి గంగజాతర చాటింపు వేస్తున్నారు. తిరుపతిలో ఆ డప్పు మోగిందంటే జాతర ముగిసేదాకా ఊళ్లో వాళ్లు పొలిమేర దాటి పోకూడదు. మర్నాడే మా అమ్మ గంగులమ్మని పిలుచుకొచ్చింది. పెట్టుమందు తియ్యడంలో ఆమెకి పేరు. లావుపాటి మనిషి, మాట మెత్తన. కుట్ల మీద చెయ్యి పడకుండా నా కడుపు తడిమి చూసింది.

"వేరు తీసేసినారు" అంది. "పెట్టిన చెయ్యి మాత్రం ఇంట్లోనే ఉండాది."

ఆ మాట అని తాంబూలం తీసుకుని వెళ్లిపోయింది. తన పని అయిపోయింది.

మధ్యాహ్నం దేవకి నాకు కంచంలో అన్నం తెచ్చి పెట్టింది. మా అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఆగు. ముందర నువ్వొక ముద్ద తిను. నేను సూడాల."

దేవకి వంగినది వంగినట్టే నిలిచిపోయింది. మొదట ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక మెడ దాకా ఎర్రబడింది. నా వైపు తిరిగింది.

"డాక్టరు ఏం చెప్పినాడో మీ అమ్మకి నువ్వు చెప్పు."

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆపరేషనైన పదమూడు రోజుల్లో నాకు ఒక్కసారి కూడా రక్తం పడలేదు. మూడేళ్లలో అలాంటి పదమూడు రోజులు నేను ఎరగను. పొద్దున లేస్తే కడుపు మెత్తగా, నాది కానట్టు హాయిగా ఉండేది. మా అమ్మ మాటే నిజమైతే నా జబ్బంతా ఆ సీసాలోకి పోయింది, నేను బాగుపడ్డాను. డాక్టరు మాట నిజమైతే అది ఇంకా నా లోపలే కూర్చుని ఉంది. నాకు బాగుపడాలని ఉంది. ఎంతగా ఉందంటే, ఎదురుగా నిలబడ్డ మనిషి నాకు కనబడలేదు.

"నాకేం తెలుసు?" అన్నాను. "నేను మత్తులో ఉండినాను."

దేవకి నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. సాయంత్రాలు కాళ్లు కడుక్కునేటప్పుడు ఎన్ని అని అడిగి, నేను తక్కువ చేసి చెబితే చూసేదే, అలా చూసింది. తర్వాత కంచం నా ముందు పెట్టి, చెయ్యి కడుక్కుని లోపలికి పోయింది. రెండు చీరలు మూటకట్టుకుని వచ్చింది.

"చాటింపు ఏసినాక పొలిమేర దాటతా ఉండాది సూడండి!" అని మా అమ్మ వీధిలోకి వచ్చి కేకలు పెట్టింది. "గంగమ్మకైనా భయపడదే ఈ పిల్ల!"

వీధి చివర మసి పూసుకుని వేపమండలు కట్టుకున్న వేషగాళ్లు వచ్చేపోయే వాళ్లని బూతులు తిడుతున్నారు. జాతరలో అది మొక్కు, ఎవరూ తప్పు పట్టరు. వాళ్లు కూడా ఆమెకి దారి ఇచ్చి ఊరుకున్నారు. స్టేషను దాకా నడిచి, రైలెక్కి ఏర్పేడులో అన్నగారింటికి పోయిందని గోవిందు కనుక్కుని వచ్చి చెప్పాడు.

చాటింపు వేశాక నేనూ ఊరు దాటకూడదు కదా, జాతర అయిపోనీ, పోయి పిలుచుకొస్తాను అనుకున్నాను. జాతర అయింది. కుట్లు మానాక అనుకున్నాను. మానాయి. డ్యూటీ ఎక్కాక సెలవు చూసుకుని అనుకున్నాను. మనసు లేని వాడికి సాకులు కరువా?

ఆ తర్వాత నాలుగు నెలలు నా ఆరోగ్యం చూసి ఊరంతా మెచ్చుకుంది. మిరపకాయ పచ్చడి తిన్నాను. రాగిసంకటిలోకి కారంకారంగా ఊరుబిండి నంజుకున్నాను. చెంగయ్య స్టేజీ దగ్గర బస్సు ఆపకుండా పోతుంటే పాసింజర్లు చప్పట్లు కొట్టారు. "అన్నా, ఇంక ఈ చెంబు తీసేద్దునా?" అని అడిగాడు గోవిందు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వాడు అడగలేదు.

సాయంత్రాలే గడిచేవి కాదు. గుమ్మం దగ్గర బిందె ఉండేది, మనిషి ఉండేది కాదు. నేనే వంచుకుని కాళ్లు కడుక్కునేవాణ్ణి. ఈ పొద్దు సున్నా. ఆ మాట ఎవరికైనా చెప్పాలని నోరు పీకేది. మూడేళ్లు ఏడూ ఎనిమిదీ చెప్పి చెప్పి, సున్నా వచ్చిన నాటికి వినేవాళ్లు లేకుండా పోయారు. ఒకసారి ఉండబట్టలేక మా అమ్మతోనే అన్నాను, ఈ పొద్దు కూడా ఏం కాలేదమా అని. "ఎట్లా అవుతాదిరా, పీడ ఎల్లిపోయినాక?" అంది ఆమె.

నా అన్నం మా అమ్మ ఇంకెవరి చేతా ముట్టనిచ్చేది కాదు. వడ్డిస్తూ దేవకిని తిట్టేది. ప్రతి పూటా అంతే. పేగుకి అతుక్కున్న ముద్ద, దాన్ని పెట్టిన చెయ్యి. మొదట్లో ఆ మాటలు నాకు చేదుగా ఉండేవి. పోను పోను అలవాటయ్యాయి. నేను నమ్మలేదు, నమ్మలేదని ఇప్పటికీ అంటాను. కాని రోజూ వినే మాట మనల్ని అడక్కుండానే లోపలికి వచ్చి ఒక మూల కూర్చుంటుంది.

అరవ వాళ్ల పెరటాశి నెల, మొదటి శనివారం. యుద్ధం అయిపోయిందన్నారే గాని పెట్రోలు ఇంకా రాలేదు. కొండకి పోయే జనంతో బస్సు కిటకిటలాడుతోంది. చిత్తూరులో బయల్దేరినప్పటినుంచీ గోవిందనామాలతో చెవులు హోరెత్తుతున్నాయి. చింతచెట్లు ఇంకా కనబడక ముందే కడుపులో మెలిపెట్టింది. నాకు తెలిసిన మెలి. నాలుగు నెలలైనా దారి మరిచిపోలేదు.

చెట్టు చాటున కూర్చుని చూసుకున్నాను. ఎర్రగా ఉంది.

ఏడ్చాను. చెంబు పక్కన పెట్టుకుని, చిన్నపిల్లాడి మాదిరి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపు మధ్యలోనే నాకొక సంతోషం పుట్టింది. సిగ్గులేని సంతోషం. పెట్టుమందు సీసాలోకి పోయింది కదా? మరి ఇదెక్కడిది? దేవకి తప్పు లేదని నా కడుపే సాక్ష్యం చెబుతోంది! లేచి బస్సు దగ్గరికి వచ్చేసరికి నా మొహంలో నవ్వు ఉందేమో, గోవిందు భయంగా చూశాడు.

"ఏమన్నా, మళ్లీనా?"

"మళ్లీనే" అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి పోయి మా అమ్మకి గట్టిగానే చెప్పాను. రక్తం పడతా ఉండాదమా, డాక్టరు చెప్పిందే నిజం, దేవకి ఏమీ పెట్టలేదు అని. మా అమ్మ పొయ్యిలో మంట సర్దుతూ ఆలోచించింది.

"పోతా పోతా ఇంకొకటి పెట్టి పోయుంటాది" అంది.

సోమవారం సెలవు పెట్టి ఏర్పేడు పోయాను. దేవకి అన్నా వదినా చేలోకి పోయారు. దేవకి ఒక్కతే వసారాలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది. లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. రైల్లో నేను చాలా మాటలు కూర్చుకున్నాను. సాక్ష్యం దొరికిందని మొదలుపెట్టాలని. నేను నోరు తెరవక ముందే, నా కాళ్ల మీద నీళ్లు పోస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"ఈ పొద్దు ఎన్ని?"

ఆ ఇంట్లో మా మాట వినేవాళ్లు ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించే అడిగింది.

"తొమ్మిది."

"రగతం?"

"అన్నింటికీ."

"మళ్లీ వస్తాదని డాక్టరు ఆనాడే చెప్పినాడు కదా."

"చెప్పినాడు" అన్నాను.

ఆ ఒక్క మాట నా నోటినుంచి రావడానికి నాలుగు నెలల పైనే పట్టింది. దేవకి మిగిలిన నీళ్లు మందారం మొదట్లో పోసి లోపలికి పోయింది.

పీట వేసి కంచం పెట్టింది. తొమ్మిది కదా, అన్నం మెత్తగా పిసికి మజ్జిగ పోసింది. ఉప్పు పక్కన పెట్టింది. ఎదురుగా కూర్చుంది. నేను ముద్ద కలిపాను. ఎత్తాను.

చెయ్యి ఆగింది.

ఎంతసేపూ కాదు. రెప్ప వేసి తీసేంత సేపు. నేను ఆపలేదు, ఒట్టు, అదే ఆగింది. ఆమె తప్పు లేదని చెప్పడానికి రైలెక్కి వచ్చినవాణ్ణి, ఆమె చేతి అన్నం ముందు నా చెయ్యి ఆగింది. తలెత్తి చూస్తే దేవకి నా చేతినే చూస్తోంది.

ఆమె ముందుకి వంగి కంచం తన వైపు లాక్కుంది. ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది. ఆనాడు మా అమ్మ అడిగినా తినని ముద్ద అది. తర్వాత కంచం మళ్లీ నా ముందుకి జరిపింది.

"ఇంక తిను" అంది.

తిన్నాను. మెతుకు మిగలకుండా తిన్నాను. చెయ్యి కడుక్కున్నాక, పోదాం రా అని అడగడానికి వచ్చినవాణ్ణి, ఆ మాట అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? నా కంచం ఆమె తీసి కడిగి బోర్లించింది. అందులో తను తినలేదు.

"పది దాటితే గంజి తాగు. ఆసుపత్రికి పోవడం మానుకోవద్దు" అని గుమ్మం దాకా వచ్చి చెప్పింది. నేను మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే మళ్లీ చేట పట్టుకుని కూర్చుని ఉంది.

అదంతా అయి చాలా కాలమైంది. బస్సులకి పెట్రోలు వచ్చింది, ఇనపడబ్బాలు పోయాయి. మా అమ్మ పోయింది. దేవసహాయం గారి సీసా ఇంకా ఆసుపత్రి అలమరలోనే ఉందని, పిల్లలకి చూపిస్తుంటారని విన్నాను. జబ్బు మాత్రం ఆయన చెప్పినట్టే వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. నేనే వండుకుని నేనే తింటాను.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి గుమ్మం దగ్గర బిందె వంచి కాళ్లు కడుక్కుంటాను. అప్పుడు చెబుతాను, ఈ పొద్దు ఆరు, రెండింటికి పడింది అని. లోపల ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించే చెబుతాను.